ఫోనువా దారికి అడ్డంగా పడుంది

ఆక్లండ్
8 మే 2016

అమ్మడూ మాకలేతా,

నిన్న ఫోనులో నామీద విసుక్కున్నావు. "ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు, అంతే. దీన్ని ఊరంతటికీ చెప్పుకోవాలా?" అన్నావు. చెప్పుకోవాలే తల్లీ. ఒకసారి చెప్పుకోవడం చేతకాక నా ప్రాణం మీదికొచ్చింది. నువ్వు పుట్టిన ఏడాది నన్ను పెంచిన అత్తకూ నాకూ నడిచిన ఉత్తరాలు ఇవి. ఆవిడ రాయించినవి నా దగ్గరే ఉన్నాయి. నేను రాసినవి ఆవిడ చాప కింద దాచుకుంటే, పోయాక మీ మామయ్య పంపాడు.

మన భాష నీకు సగమే వచ్చు కాబట్టి ముందే చెబుతున్నాను. ఫోనువా అంటే నేల. కడుపులో బిడ్డను అంటిపెట్టుకుని పెరిగే మాయ కూడా ఫోనువాయే. ఇంకో సంగతి, అన్నదమ్ముల చెవిన పడేలా ఆడది తన ఒంటి సంగతి ఎత్తకూడదు. నాకేమో అమ్మ లేదు, నన్ను కని పోయింది. పెంచిన సియాలే అత్త తప్ప చెప్పుకునే దిక్కు లేదు. ఆవిడ కళ్ళకు పొరలు కమ్మాయి. మన వవావు దీవిలో ఆవిడకు ఉత్తరాలు చదివిపెట్టేదీ, ఆవిడ చెబితే రాసేదీ మా అన్నయ్య, అదే మీ ఫేలేతి మామయ్య. ఇక చదువుకో.

అమ్మ

*

ఒతాహుహు, ఆక్లండ్
3 జూలై 1987

అత్తా,

ఇక్కడ చలి ఎముకలు కొరుకుతోంది. రెండు దుప్పట్లు కప్పుకుని పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే అన్నయ్యను విసుక్కోవద్దని చెప్పు.

నీకు చెప్పాల్సిన మాట ఒకటుంది. చదివేది ఎవరో నీకు తెలుసు. అందుకని మూటగట్టి పంపుతున్నాను, నువ్వే విప్పుకో. ఫోనువా ఉండాల్సిన చోట లేదు. కిందికి దిగి దారికి అడ్డంగా పడుంది. యంత్రం పెట్టి బొమ్మ తీసి, ఎల్లలతో సహా చూపించారు. ఇక్కడి పెద్దావిడ "కాస్త ఓపిక పట్టు, కొన్నాళ్ళకు దానంతటదే పైకి జరగొచ్చు" అంది. జరక్కపోతే వేరే ఏర్పాటు చూడాలట. మొన్న ఒకసారి ఎర్రగా పోయింది, చూసి హడలిపోయాను.

మీ అల్లుడు హేనెలీయే వంట చేస్తున్నాడు. చేమదుంప సగం ఉడికించి పెట్టాడు, రాత్రంతా గొంతు దురద. వాళ్ళక్క లోసె రోజూ వచ్చి బిడ్డకు పేరు వెతుకుతోంది. మేనత్త హక్కు కదా, నేనేమీ అనలేను. ఇప్పటికి మూడు పేర్లు మార్చింది.

అత్తా, ఇలాంటిది నువ్వు ఎప్పుడైనా చూశావా? నేనేం చెయ్యాలి? ఒక్కసారి వచ్చి వెళ్ళలేవా?

నీ చేతుల్లో పెరిగిన
నోవా

*

వవావు
16 జూలై 1987

నోవాకు,

ప్రభువు దయవల్ల నేనూ, మీ అన్నా, పందులూ కులాసా. నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. రెండోసారి ఇంకా ఒళ్ళు మండింది.

ఏడో నెల మనిషివి. కాళ్ళు చాపుకుని చేపల పులుసు తాగక, ఫోనువాకి బొమ్మలు తీయించడమేమిటే? ఎల్లలు చూపించుకోవడమేమిటి? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? అడ్డంగా పడుందన్న మాట నిజమే, నీకెవరు చేరవేశారో గాని. ఇదంతా పక్క చేను తోమాసి చేసిన పని. కంద చేలోకి వెళ్ళే దారి ఉందా, దానికి అడ్డంగా కంచె వేసి కూచున్నాడు. అడిగితే, ఫోనువాయే జరిగి వచ్చిందంటాడు! ఫోనువాకేమైనా కాళ్ళున్నాయా? మీ పెద్దావిడ కూడా ఆ మాటే అందంటే ఆవిడకీ వాడికీ గురువు ఒకడే అయ్యుండాలి. దానంతటది జరగడం నా డెబ్బై ఏళ్ళలో చూళ్ళేదు. వాళ్ళ మాట నమ్మకు.

ఎర్రగా పోయిందని హడలిపోవడం దేనికి? వానలకి ఫోనువా కొట్టుకుపోదూ? ఏటా పోతూనే ఉంటుంది. మన ఊళ్ళో నల్లగా ఎప్పుడు పోయింది గనక!

నన్ను రమ్మంటావేం? నేను ఇక్కణ్ణించి కదిలానంటే తోమాసి ఇంకో కంచె వేస్తాడు. నువ్వూ కదలకుండా పడుకో. టెలిఫోను మాత్రం చెయ్యకు. ఊరికి ఉన్నది ఒక్కటే, అదీ తోమాసి కొట్లో. ఆ గడప నేను తొక్కను.

బిడ్డకు చాప అల్లుతున్నాను. కళ్ళు లేకపోయినా వేళ్ళున్నాయి.

మీ అత్త సియాలే

(అన్నీ అత్త మాటలే. నాది చెయ్యి మాత్రమే. ఫే.)

*

ఆక్లండ్
27 జూలై 1987

అత్తా,

నీ మూట విప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. రాసేది అన్నయ్య కాబట్టి నువ్వూ మాటలు మార్చావని కాస్త ఆలస్యంగా వెలిగింది. కంద చేలోకి దారి అంటే ఏ దారో తెలిసింది. తోమాసి అంటే ఎవరో కూడా తెలిసింది. తోమాసి బాగానే ఉన్నాడు, రాత్రిళ్ళు తెగ తంతున్నాడు. మగపిల్లాడని నువ్వు ముందే కనిపెట్టేశావా? ఆ పేరు మాత్రం లోసె ఒప్పుకోదు.

నువ్వు ఏటా పోతూనే ఉంటుందని రాస్తే కొంచెం ధైర్యం వచ్చింది. ఏటా ఎందుకో అర్థం కాలేదు గాని. తర్వాత ఇంకో రెండుసార్లు పోయింది. ఈసారి చాలా ఎక్కువ. ఇక ఇంటికి వెళ్ళొద్దని నన్ను పెద్దింట్లోనే ఉంచేసుకున్నారు. బయట అడుగు పెట్టనివ్వరు. కిటికీలోంచి కార్లు నిలిపే చోటు తప్ప ఏమీ కనబడదు.

పెద్దావిడ మళ్ళీ బొమ్మ తీసింది. ఫోనువా వెంట్రుకవాసి జరగలేదు. నువ్వు చెప్పిందే నిజమైంది. ఇక ఆ దారి మాట మర్చిపొమ్మంది. సెప్టెంబరు తొమ్మిదిన కోద్దామని తేదీ వేశారు. హేనెలీ, నేనూ సంతకాలు పెట్టాం.

ఒక మాట అడుగుతాను, కోప్పడకు. మా అమ్మ సంగతి నాకెవరూ చెప్పలేదు. అమ్మకి కూడా ఫోనువాయే అడ్డొచ్చిందా?

ఆ తొమ్మిది లోపల రా అత్తా. తోమాసి కంచె సంగతి తర్వాత చూసుకుందాం.

నోవా

*

వవావు
7 ఆగస్టు 1987

నోవాకు,

ఉత్తరం విని మూడు రోజులు అన్నం సహించలేదు. నిండు చూలాల్ని పట్టుకెళ్ళి జైల్లో పెడతారా వాళ్ళు? దానికి పెద్దిల్లని పేరొకటి! నువ్వు చేసిన నేరమేమిటి? పాస్టరు గారితో చెప్పి ఆదివారం సంఘమంతటి చేతా ప్రార్థన చేయించాను. ఖైదీల కోసం చేసే ప్రార్థన చేశారు.

తోమాసి బాగానే ఉన్నాడని నాకు చెబుతున్నావా? వాడికేం, దున్నపోతులా ఉన్నాడు. వాడు తంతున్న సంగతి మాత్రం ఇక్కడెవరికీ తెలీదు. ఎవర్ని తంతున్నాడు? భార్యనా?

ఇక హేనెలీ. మన ఫోనువా కోయడానికి సంతకం పెట్టడానికి అతనెవరే? అల్లుడికి కూర్చోమని చాప వేస్తే ఇంటి వాసాలు లెక్కపెట్టాడట. నా బొందిలో ప్రాణం ఉండగా ఏ పెద్దావిడా మన ఫోనువా మీద కత్తి పెట్టదు. అసలు తొమ్మిదో తేదీ దాకా ఆగడం ఎందుకు? మొన్న మంగళవారం పొద్దున్నే నేనే కోసేశాను. గొడ్డలి నాది, చెయ్యి మీ అన్నది. దారి ఇప్పుడు శుభ్రంగా ఉంది. మీ వాళ్ళతో చెప్పు, ఇక్కడ పనైపోయింది, మీ కత్తులు లోపల పెట్టుకోండని.

మీ అమ్మ సంగతి అడిగావు. అడ్డొచ్చింది తోమాసి తండ్రి. వాడికీ ఇదే బుద్ధి. చీకటి పడితే చాలు, మెల్లగా మీదికి జరిగేవాడు. ఊరంతా చూసింది, మీ నాన్న చూశాడు, ఒక్కడూ నోరెత్తలేదు. మీ అమ్మ మంచిది కాబట్టి సర్దుకుపోయింది.

మీ అత్త

(పందులు కంద చేలో పడ్డాయి. సగం చేను లేదు. ఈ సంగతి అత్తకు ఇంకా చెప్పలేదు. ఫే.)

*

ఆక్లండ్
18 ఆగస్టు 1987

ఫేలేతి అన్నయ్యకు,

ఈ కవరులో మడిచిపెట్టిన పెద్ద కాగితాలు నువ్వు విప్పకు. నువ్వు విప్పితే నేను మళ్ళీ నీకు ముఖం చూపించలేను. అత్తను ఎండలో కూచోబెట్టి, ఆవిడ చేతికిచ్చి, నువ్వు సముద్రం దాకా నడిచి వెళ్ళిపో. హేనెలీ రంగులు వేసే బ్రష్షు తెప్పించుకుని ఆవిడ కళ్ళకు ఆనేట్టు రాశాను. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు రాస్తోంది అత్త. చనిపోయిన మన అమ్మ మీద నిందలు కూడా పడ్డాయి. ఇక నావల్ల కాదు.

చెల్లెలు

(పెద్ద కాగితాలు, ఒక్కోదాని మీద ఒక్కో ముక్క)

అత్తా

నేల కాదు

బిడ్డ ఫోనువా

దారికి అడ్డం పడింది

నెత్తురు పోతోంది

తొమ్మిదిన నా కడుపు కోస్తారు

భయంగా ఉంది

రా

*

వవావు
26 ఆగస్టు 1987

నా తల్లీ,

ఇది పాస్టరు గారి భార్య రాస్తోంది, కాబట్టి తెరిచే చెబుతున్నాను.

నీ కాగితాలు పెరట్లో వరసగా పరుచుకుని, మోకాళ్ళ మీద పాకుతూ చదివాను. కోళ్ళు తొక్కాయి. "రా" అన్న కాగితం దగ్గరికి వచ్చేసరికి దానిమీదే కూలబడ్డాను.

నీకు బుద్ధుందా? ఇంత మాట మూటగట్టి పంపుతారా? సిగ్గూ మర్యాదా నేనే నేర్పాను, నిజమే. ప్రాణం పోతుంటే కూడా పాటించమని నేర్పలేదు. మూట విప్పుకోమంటే నేను నాకు తోచిన మూట విప్పుకున్నాను. నువ్వేమో నాది ఇంకోలా విప్పావు. తోమాసి నీ కడుపులో తంతున్నాడా! వాడి భార్యను నిన్న దారిలో ఆపి, "కొడుతున్నాడా అమ్మా, దాచకు" అని అడిగాను. ఆమె ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక పారిపోయింది.

మీ అమ్మ సంగతి ఇప్పుడు విను. తోమాసి తండ్రి జరిపింది గట్టును, అంతకు మించి పాపం ఏమీ ఎరగడు. మీ అమ్మ నీళ్ళాడిన రోజు గాలివాన, పడవ వెళ్ళే వీల్లేదు. ఫోనువా ముందొచ్చింది. నిన్ను లాగి నా ఒళ్ళో వేశారు. ఆమె చెయ్యి నా చేతిలోనే చల్లబడింది. అప్పట్లో కోసి తీసేవాళ్ళు లేరు ఇక్కడ. ఉంటే కాళ్ళు మొక్కి కోయించేదాన్ని. అందుకని, ఆ పెద్దావిడతో నా మాటగా చెప్పు, కత్తులు లోపల పెట్టుకోవద్దు. బయటికి తియ్యమను. బాగా పదును పెట్టమను.

మీ అన్న కాగితాలు చూళ్ళేదు, కాని నేను ఏడ్చిన తీరు చూశాడు. ఏమీ అడక్కుండా తిన్నగా తోమాసి కొట్టుకే వెళ్ళి విమానం వాళ్ళకు టెలిఫోను చేయించాడు. విమానాశ్రయం దాకా వెళ్ళే లారీ కూడా తోమాసిదే. వాడి కంచె నరికినదాన్ని, వాడి లారీలో వాడి పక్కనే కూచుని రావాలి. కూచుంటాను. దారిపొడుగునా తిట్టినా పడతాను.

సెప్టెంబరు నాలుగున దిగుతున్నాను. నేనొచ్చేదాకా దగ్గకు, తుమ్మకు, మంచం దిగకు.

అత్త

*

ఆక్లండ్
6 అక్టోబరు 1987

అత్తా,

క్షేమంగా చేరావా? మాకలేతా ఇప్పుడే పాలు తాగి పడుకుంది. కోసినచోట ఇంకా లాగుతోంది. నవ్వితే నొప్పి, తుమ్మితే రెండు ప్రాణాలు పోయినట్టుంటుంది. పిల్లకంటే బరువైనది ఎత్తొద్దన్నారు. కాని ఒంట్లో ఓపిక వచ్చింది కాబట్టి నిన్ను తిట్టుకునే పని మొదలుపెడుతున్నాను.

ఆస్పత్రిలో నా పరువు మిగల్చలేదు నువ్వు. ఆపరేషన్‌కి ముందు డాక్టరమ్మ చేతులు రెండూ పట్టుకుని గోళ్ళు చూపించమన్నావట. నెత్తురు తక్కువైతే నాది తీసుకోండని చొక్కా చెయ్యి మడిచి నర్సుల గదిలో కూచున్నావట. వసారాలో గొంతెత్తి కీర్తన పాడుతుంటే, మెల్లగా పాడమని నర్సు చెప్పిందట. "దేవుడు పైన ఉన్నాడమ్మా, వినబడొద్దూ?" అన్నావట. హేనెలీ ఇవన్నీ వార్డులో అందరికీ అభినయించి చూపించాడు.

నాకు నడుం కిందే మత్తిచ్చారు కదా, అన్నీ వినబడుతూనే ఉన్నాయి. తెర అవతల కత్తెరల చప్పుడు. తర్వాత పిల్ల ఏడుపు. అందరూ నవ్వారు, ఆడపిల్లన్నారు. అప్పుడు తలుపు అవతలినుంచి నీ గొంతు వినబడింది. "పిల్ల ఏడ్చింది, విన్నాను! మా పిల్ల సంగతి చెప్పండి! మా పిల్ల ఎలా ఉంది?" నువ్వు అరిచింది నా గురించని తెలిసి నాకు ఏడుపు ఆగలేదు. డాక్టరమ్మ నొప్పేస్తోందా అని అడిగింది. లేదన్నాను.

ఆ డాక్టరమ్మ పేరే పిల్లకు పెట్టింది లోసె. మార్గరెట్టును మన నోటికి తిప్పితే మాకలేతా. కోసినామె పేరు పెట్టడమేమిటని నువ్వు మూతి ముడిచావు గాని నాకు నచ్చింది.

అసలు సంగతి. ఐస్‌క్రీం డబ్బాలో పెట్టి నీ చేతికిచ్చినది ఊరు చేరిందా? ఆస్పత్రివాళ్ళు కాల్చేస్తామంటే "మా ఫోనువా మాకియ్యండి" అని నువ్వు పట్టిన పట్టుకు వాళ్ళు సంచీ కట్టి ఇచ్చారు. అంతదాకా బాగానే ఉంది. విమానాశ్రయంలో పట్టుకుంటే ఏం చెబుతావని అడిగితే "ఉన్నమాటే చెబుతాను" అన్నావు. ఆ రోజునుంచీ నాకు నిద్ర లేదు. మనిద్దరం ఉన్నమాట చెబితే ఏమవుతుందో ఈ ఏడాది చూశాం కదా.

నోవా

*

వవావు
21 అక్టోబరు 1987

నోవాకు,

నేను చేరాను. అదీ చేరింది. మూడో మనిషి వింటున్నాడు కాబట్టి దాన్ని అదే అంటాను. ఇకమీదట మూటలు మాత్రం వద్దు.

(నేను వినడం లేదు. రాస్తున్నాను. ఫే.)

మన దేశంలో దిగగానే ఒక కుర్రాడు, మెడలో టై, డబ్బా పట్టుకుని "ఏముంది ఇందులో బామ్మా?" అన్నాడు. ఉన్నమాటే చెప్పాను. ఫోనువా అన్నాను. "పరాయి దేశపు మట్టి తేకూడదు" అన్నాడు. మట్టి కాదు నాయనా, మాంసం లాంటిదే అన్నాను. "మాంసం అసలే కుదరదు" అని పుస్తకం తీశాడు. నా ఓపిక అయిపోయింది. ఒరే, మా పిల్లది, మొన్న తొమ్మిదిన ఆస్పత్రిలో, అని మొదలుపెట్టాను. పక్క బల్ల దగ్గర అతని సొంత చెల్లెలే పని చేస్తోందట. కుర్రాడికి చెవుల దాకా ఎర్రబడింది. "చాలు బామ్మా, చాలు, వెళ్ళు" అని డబ్బాను తనే నా సంచీలో కుక్కి బయటి దాకా మోశాడు. సిగ్గు ఒక్కసారైనా మనకు పనికొచ్చింది.

ఊళ్ళో తోమాసే లారీతో వచ్చాడు. వెళ్ళేటప్పుడు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు, వచ్చేటప్పుడు అడిగాడు, "పిల్ల ఎలా ఉంది అక్కా?" అని. ఏ పిల్ల అన్నాను. "నోవా" అన్నాడు. ఆ ఒక్క మాటకు కంచె మీద కోపం సగం దిగింది. మిగతా సగం కంద చేను చూశాక మళ్ళీ ఎక్కింది. పందులు దుంప మిగల్చలేదు. మీ అన్న రెండు నెలలు నోరు విప్పలేదు. ఈ ఇంట్లో దాచడం అందరికీ అబ్బింది.

డబ్బా ఎక్కడ పాతాలన్న ప్రశ్న వచ్చింది. ఇంటి వెనక అనుకున్నాను. సమాధుల పక్కన, మీ అమ్మ దగ్గర అనుకున్నాను. అప్పుడు తోమాసి కంచె గుంజలు పీకిన గుంట కనబడింది, దారికి నట్టనడుమ. అక్కడే తవ్వమన్నాను. మీ అన్న ఏం పాతుతున్నామో అడక్కుండా నడుం లోతు తవ్వాడు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. పైన సీమపనస మొక్క పెట్టాను. తోమాసి అంతదూరంలో టోపీ తీసి నిలబడ్డాడు. అయ్యాక దగ్గరికొచ్చి, "ఇక్కడ ఇక కంచె వెయ్యడానికి లేదు కదా అక్కా" అన్నాడు. ధైర్యం ఉంటే వెయ్యరా అన్నాను. మిగిలిన గుంజలు తనే పీక్కుని లారీలో వేసుకున్నాడు.

(మొక్కకు నీళ్ళు నేనే పోస్తున్నాను. రెండు కొత్త ఆకులు వచ్చాయి. మేనకోడలికి చెప్పు. ఫే.)

మీ అమ్మ దగ్గరికి కూడా వెళ్ళి చెప్పి వచ్చాను. ఈసారి పిల్లా తల్లీ ఇద్దరూ దక్కారని.

ఇప్పుడు చేలకు పోయేవాళ్ళందరూ మొక్క చుట్టూ తిరిగి పోతున్నారు. నోవా, ఇది మూట కాదు, ఉన్నదున్నట్టే రాయిస్తున్నాను. మన ఫోనువా దారికి అడ్డంగా పడుంది. ఇక జరగదు.

మీ అత్త సియాలే